పంజాగుట్టలో చెరువు కట్ట కోసం వెతికిన శుక్రవారం

చెరువు ఎంతవరకు? ఇవాళ నీళ్లున్నంత వరకా, ఒకప్పుడు నీళ్లు నిలిచినంత వరకా? ఎం.ఏ. చదివే రోజుల నుంచీ ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది. అప్పట్లో అమీర్‌పేటలో ఉండే స్నేహితురాలి ఇంటికి సిటీ బస్సులో వెళ్తుండేదాన్ని. పంజాగుట్ట చౌరస్తా దాటాక ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చుంటే, ఇళ్ల సందుల్లోంచి ఒక కుంట కనిపించేది. మొదటి ఏడాది నీళ్లు రోడ్డుకు దగ్గరగానే మెరిసేవి. తర్వాత నీళ్లకు ముందు గడ్డి వచ్చింది. గడ్డికి ముందు ఇటుకల ముక్కలు వచ్చాయి. నాకు ఉద్యోగం వచ్చి, పెళ్లయి, తలలో తెల్లవెంట్రుకలు మొదలయ్యేసరికి బస్సులోంచి నీళ్లు కనిపించడం మానేశాయి. అంత కాలంలోనూ ఒక్కసారైనా బస్సు దిగి ఆ కుంట దాకా నడిచిన పాపాన పోలేదు.

చివరికి దిగాల్సి వచ్చింది మా సుభద్రక్క కోసం. అక్క తెనాలిలో హిందీ టీచరుగా చేసింది. బావగారు పోయాక ముందుగానే రిటైరై హైదరాబాదు వచ్చి, యూసుఫ్‌గూడలో ఒక చిన్న పోర్షన్ అద్దెకు తీసుకుంది. తన చేతిలో ఉన్నదంతా పెట్టి ఒక ప్లాటు కొని, రెండు గదులు వేసుకుని, ఇక ఎవరికీ గది ఖాళీ చేయక్కర్లేకుండా బతకాలన్నది ఆమె కోరిక. బావగారికి ఊరి పరిచయం ఉన్న, ఇప్పుడు ఇక్కడ ప్లాట్లు అమ్మే వెంకటరత్నం గారు ఒక ప్లాటు చూపించారు. అది సరిగ్గా ఆ కుంట దగ్గర. కుంటకు పక్కనే గాని కుంటలో కాదని ఆయన అన్నారు. అక్క ఇంటి ఓనరు మాత్రం అది శిఖం భూమి అన్నాడట. చెరువు కడుపులో ఉండే నేలను ఇక్కడ శిఖం అంటారు. నీళ్లు తగ్గినప్పుడు అందులో పంట వేసుకోవచ్చు, ఇల్లు మాత్రం కట్టకూడదు.

"నువ్వు కాలేజీలో చరిత్ర చెప్పేదానివి కదే. వెళ్లి చూసి రా. నువ్వు సరేనంటే అడ్వాన్సు ఇస్తాను, కాదంటే మానేస్తాను. ఇంకెవర్నీ అడగను" అంది అక్క.

అంత నమ్మకమంటే నాకు భయం. ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చిన మొదటి శుక్రవారం మంచిదని అక్కే రోజు పెట్టుకుంది. మధ్యాహ్నం యూసుఫ్‌గూడలోనే ఉన్న వెంకటరత్నం గారింట్లో భోజనం, ఆ తర్వాత అడ్వాన్సు. నాలుగుంబావు నుంచి వర్జ్యం, ఈలోపే ఇవ్వాలి. నాకు కాలేజీకి సెలవు దొరికిందీ ఆ శుక్రవారమే. చూడటానికీ చెప్పటానికీ నాకున్నది ఆ ఒక్క పూటే.

విద్యానగర్‌లో ఎనిమిదిన్నరకు బస్సెక్కాను. రూపాయి లోపు టికెట్. ఖైరతాబాదు, సోమాజిగూడ మీదుగా పంజాగుట్ట చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. మీరూ ఈ దారిన వెళ్లాలనుకుంటే ఇంకో గంట ముందు బయల్దేరండి. ఆఫీసుల వేళకు సోమాజిగూడ దగ్గర బస్సు నడక కన్నా మెల్లగా కదులుతుంది. ఆకాశం మబ్బు పట్టి ఉంది, వాన మాత్రం పడలేదు. చౌరస్తాలో ఉన్న ఇరానీ హోటల్లో ఫ్యామిలీ గది అని ఒక తెర కట్టి ఉంటుంది. అందులో కూర్చుని ఉస్మానియా బిస్కెట్లు, చాయ్ తీసుకున్నాను. కౌంటరు మీద ఉన్న పెద్దాయనను కుంట ఎటు అని అడిగితే ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు.

"ప్లాటు కోసమా అమ్మా?"

"ఊరికే చూద్దామని."

"ఊరికే చూడటానికి కుంటకు ఎవరొస్తరమ్మా? బర్లు సుత వస్తలేవు" అని నవ్వి, బయట నిలబడ్డ ఆటో అతన్ని పిలిచాడు. "ఖాదర్, మేడమ్‌కు కుంట చూపియ్యి. తిప్పి తిప్పి మీటర్ పెంచకు."

"నేనెప్పుడు తిప్పిన సేఠ్? నీ చాయ్‌ల నీళ్లు కలిపినంత సుత నేను తిప్పలే" అన్నాడు ఖాదర్ భాయ్. యాభై దాటినవాడు. పుట్టింది అమీర్‌పేటలోనే. పూట మొత్తానికి ఇంత అని మాట్లాడుకుని ఎక్కాను. మీరు వెళ్తే ఆ పద్ధతే మేలు. మధ్యలో దిగి నడవాల్సిన చోట్లు చాలా ఉంటాయి, మీటరు చూస్తూ ఉంటే నేలను చూడలేరు.

ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో చూడాలన్నాను. అతను పడమరగా, గుట్టల వైపు తీసుకెళ్లాడు. బండరాళ్ల మధ్య కొత్త మేడలు లేస్తున్నాయి. రాళ్ల మీద పడ్డ వాన ఒకప్పుడు సన్నని వాగుగా కిందికి దిగేదట. ఇప్పుడు ఆ వాగు రోడ్డు కింద తూములో దూరి, అవతల ఇళ్ల మురుగును కలుపుకుని బయటికి వస్తోంది. వాసన ఆటోలోకి కూడా వచ్చింది. ఈ నగరంలో చెరువులు దాదాపు అన్నీ మనుషులు కట్టినవే. వాగుకు అడ్డంగా మట్టికట్ట వేసి నీళ్లాపి, దాని కింద మడులు చేసుకుంటారు. నిండి మత్తడి, అంటే అలుగు, పొర్లితే ఆ నీళ్లు కింది కుంటకు, అక్కణ్ణుంచి ఇంకో కుంటకు, ఆఖరున కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన హుస్సేన్‌సాగర్‌కు చేరతాయి. ఒక గొలుసు. పెద్ద చెరువు సంగతి పుస్తకాల్లో ఉంటుంది. ఇలాంటి చిన్న కుంటల గురించి రాసి పెట్టినవాళ్లు లేరు.

ఖాదర్ భాయ్‌కి మాత్రం కథ ఉంది. "మా దాదా చెప్పేటోడు మేడమ్. ఒక నవాబ్ సాబ్ కట్ట పోపిచ్చిండట. తోటకు నీళ్లు కావాలె, బేగం సాబ్‌కు హవా కావాలె. కట్టకు మట్టి మోసిన్రు మావోళ్లు. కట్ట కింద మస్తు వరి పండేది. ఇప్పుడు మీరు అమీర్‌పేట బస్టాప్ అంటరు సూడుండ్రి, గాడి దాంక పొలాలే."

"మరి కుంట ఎందుకు ఎండిపోయింది?"

"పొలాలు అమ్ముకున్నంక నీళ్లు ఎవరికి కావాలె? నీళ్లు ఇడిసేటోడు లేడు, పూడిక తీసేటోడు లేడు. కాలనీలొచ్చినయి, సంతోషపడ్డం. కాలనీల మురికి నాలా వచ్చి గిండ్లనే పడ్డది. చేపలు సచ్చినయి. చాకలోళ్లు రేవు ఇడిసి పోయిన్రు. జరంత జాగ ఎండుతె ఒక లారీ మొరం పోస్తరు. ఇంకింత ఎండుతె ఇంకో లారీ."

పదకొండు దాటాక కుంట దగ్గర దిగాం. మెయిన్ రోడ్డు నుంచి పడమరగా ఒక సందు, సందు చివర ఖాళీ నేల. గుర్రపుడెక్క ఆకుపచ్చగా కప్పేసిన నీటి మడుగు చాలా దూరంగా, పశ్చిమ అంచున ఉంది. దానికి ఇవతల తోటకూర, పుంటికూర మడులు. ఇంకా ఇవతల చదును చేసిన నేలలో తెల్ల సున్నం కొట్టిన హద్దు రాళ్లు. అక్కకు చూపించిన ప్లాటు వాటిలోనే, వేపచెట్టు ఎదురుగా ఉంది. మట్టి అంతా బయటి నుంచి తెచ్చి పోసింది. ఎత్తుపల్లాలు చూసి ఏదీ చెప్పలేం. కట్ట ఆనవాలు కూడా ఎక్కడా లేదు.

నేను వెతికింది ఆ కట్ట కోసమే. లెక్క చాలా సులువు. నీళ్లు పడమటి గుట్టల నుంచి వస్తాయి, కట్ట తూర్పున ఉంటుంది. కట్టకు పడమర ఉన్నదంతా చెరువు, తూర్పున ఉన్నదంతా పొలం. ప్లాటు కట్టకు ఏ వైపు ఉందో తేలితే చాలు. పొలమైతే అక్క ఇల్లు కట్టుకోవచ్చు. చెరువైతే ఏదో ఒక ఏడు గట్టి వాన పడి, ఆమె ఉన్నదంతా పోసి కట్టుకున్న ఇంట్లో నీళ్లు నిలుస్తాయి. పైగా శిఖం మీద కట్టారని ఎవరైనా కూలగొట్టినా అడిగే హక్కు ఉండదు.

గంట సేపు తిరిగాం. ఒకరు కట్ట రోడ్డు కింద కలిసిపోయిందన్నారు, ఇంకొకరు అసలు కట్టే లేదన్నారు. కాళ్లు బురదలో దిగబడుతున్నాయి. పన్నెండున్నరకు, హద్దు రాళ్లకు పడమరగా, ఒక చిన్న సిమెంటు గుడి కనిపించింది. మనిషి ఎత్తు కూడా లేదు. లోపల పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన రాయి. గుమ్మానికి వాడిన వేపమండలు, మొన్నటి బోనాలవి.

"కట్టమైసమ్మ" అన్నాడు ఖాదర్ భాయ్.

నా గుండె తేలికైంది. తెలంగాణలో ఏ చెరువుకు వెళ్లినా కట్ట మీద మైసమ్మ ఉంటుంది. కట్ట తెగకుండా కాసే తల్లి ఆమె. పేరులోనే కట్ట ఉంది. కాగితాలు మారొచ్చు, హద్దు రాళ్లు జరగొచ్చు గానీ ఆమె ఎక్కడుంటే అక్కడే కట్ట. ప్లాటు ఆమెకు తూర్పున ఉంది. అంటే పొలం. ఇదే మాట ఖాదర్ భాయ్‌తో అంటే అతనూ తలూపాడు. "సహీ బాత్. అమ్మ ఏడుంటె గాడనే కట్ట."

మెయిన్ రోడ్డు మీద ఒక మందుల షాపులో రూపాయి తీసుకుని ఫోను చేసుకోనిస్తారు. ఒంటిగంటన్నరకు వెంకటరత్నం గారింటికి ఫోను చేశాను. అక్కే తీసింది. వెనకాల గిన్నెల చప్పుడు.

"చూశానక్కా. పొలమే. ఫరవాలేదు."

"ఖాయమేనా?"

"కట్ట కనిపెట్టాను" అన్నాను. నా గొంతులో గర్వం నాకే వినిపించింది.

"హమ్మయ్య. అయితే భోంచేశాక ఇచ్చేస్తాను. నువ్వు నెమ్మదిగా రా."

ఆకలి తెలిసింది. పక్కన చిన్న హోటల్లో పూరీ తిన్నాను. తింటుంటే ఒక ఆలోచన వచ్చింది. నేను పెద్దగా గుళ్ల చుట్టూ తిరిగే మనిషిని కాను. అయినా ఆ రాయి ఇవాళ మా అక్క ఇంటికి సాక్షి చెప్పింది, ఒక కొబ్బరికాయ కొడితే తప్పేముంది అనిపించింది. కొట్లో కాయ తీసుకుని మళ్లీ సందులోకి నడిచాను. ఖాదర్ భాయ్ ఆటో తుడుచుకుంటూ, "మేడమ్ చదువుకున్నరనుకున్న" అని నవ్వాడు.

గుడి దగ్గర ఒకామె ఆకుకూర కట్టలు కడుతూ కూర్చుంది. పేరు లచ్చమ్మ. నా వయసే ఉండొచ్చు. అమ్మవారికి దీపం పెట్టేదీ, పక్కన మడులు సాగు చేసేదీ ఆమె కుటుంబమే. నా చేతిలో కాయ చూసి అడిగింది.

"ఒక్కటే తెచ్చినవా అమ్మా?"

"ఒక్కటి చాలదా?"

"రెండు కొడతరు గద. ఒకటి గీడ, ఒకటి పాత గద్దె కాడ."

నాకు వెంటనే అర్థం కాలేదు. పాత గద్దె ఏమిటని అడిగాను.

"అమ్మ మొదలు ఆడ ఉండె. రోడ్డు కాడ, స్కూటర్లు బాగు చేసే షెడ్డు ఎన్క. ఆడ కట్ట ఉండె, తూము ఉండె. రోడ్డు పెద్దగ చేసినప్పుడు తూము మూసి లోపటికి మట్టి పోసిన్రు. నీళ్లు ఎన్కకు పోయినయి. ఒక బోనాలప్పుడు మా అత్తకు అమ్మ పూనింది. నన్ను దుమ్ముల కూసోవెట్టిన్రు, నాకు నీళ్లు కానొస్తలేవు అని ఏడ్సింది. గప్పుడు నీళ్ల ఒడ్డుకు తీస్కొచ్చినం. గిప్పుడు నీళ్లు ఇంకా ఎన్కకు పోయె. మల్ల ఎప్పుడు అడుగుతదో."

కాయ చేతిలో అలాగే ఉండిపోయింది. మైసమ్మ కట్ట మీద లేదు. వెనక్కి పోతున్న నీళ్ల వెంట ఆమె కూడా జరిగింది. నేను కట్ట అనుకున్నది ఎండిపోతున్న చెరువు ఒక ఏడు ఆగిన అంచు మాత్రమే. లచ్చమ్మ మాట నిజమైతే అక్క ప్లాటు పాత గద్దెకూ కొత్త గుడికీ నడుమ, నిండు చెరువు కడుపులో ఉంది.

"ఏం మాట్లాడుతున్నవ్ లచ్చమ్మా?" ఖాదర్ భాయ్ అడ్డొచ్చాడు. "ఆడున్నది పోచమ్మ. అది వేరే అమ్మ. నేను ఈడ పుట్టినోణ్ణి, నాకు ఎరుక లేదా?"

"నీకేం ఎరుకనయ్యా. అమ్మకు బోనమెత్తింది నువ్వా, మేమా?"

"నీ కూరగాయల మడి పోతదని గిట్ల చెప్తున్నవ్. ప్లాట్లు అమ్ముడు పోకపోతె నీకు మంచిదే గద."

"నీకు సుత మంచిదే గదా, ప్లాట్లు చూపెట్టడానికి దినాం ఒకర్ని తెస్తున్నవు."

ఒకరి గురించి ఒకరు అన్నది నిజమే కావొచ్చు. ఇద్దరికీ ఒక లాభం ఉంది. నేను ఎవరి మాట పట్టుకోవాలి? రోడ్డు దాకా పరుగులాంటి నడకతో వెళ్లాను. స్కూటర్ల షెడ్డు వెనక, పాత టైర్ల మధ్య, నిజంగానే ఒక రాయి ఉంది. దాని మీద పసుపు చారలు వానలకు వెలిసిపోయి ఉన్నాయి. పక్కన చెక్కిన రాతి దిమ్మెలు రెండు నేలలో కూరుకుపోయి కనిపించాయి. తూము రాళ్లేనా? ఏదో పాత ఇంటి గుమ్మం రాళ్లా? చరిత్ర చెప్పే నేను చేత్తో తడిమి చూశాను. తెలియలేదు. నా వెనకే వచ్చిన ఖాదర్ భాయ్ అది పోచమ్మేనని మళ్లీ అన్నాడు గానీ, ఈసారి గొంతు కొంచెం తగ్గింది.

మూడు దాటింది. మందుల షాపుకు వెళ్లాను. ఫోను చెవిలో పెట్టుకుంటే చిన్న గరగర, అంతే. షాపాయన "వాన మొదలైతది గదమ్మా, లైను పోతది" అన్నాడు. అన్నట్టే చినుకులు పడ్డాయి. ఇంకో కొట్టుకు వెళ్లాను. అక్కడా అంతే. అక్క ఇప్పటికే ఇచ్చేసిందేమో. ఇచ్చేసి ఉంటే నేను వెళ్లి చేసేదేమీ లేదు. ఇవ్వకపోతే నా ఫోను మాట మీద ఇంకాసేపట్లో ఇస్తుంది.

"యూసుఫ్‌గూడ, తొందరగా" అన్నాను.

ఖాదర్ భాయ్ వెంటనే ఆటో తిప్పాడు. మామూలుగా అయితే అమీర్‌పేట మీదుగా పదిహేను నిమిషాల దారి. అమీర్‌పేట మలుపులో ఒక లారీ ఆగిపోయి, దాని వెనక బస్సులు బారులు కట్టాయి. వాన పక్కల నుంచి కొడుతోంది. కాలువ నిండి రోడ్డు మీదికి నీళ్లు పొర్లుతున్నాయి. ఆ నీళ్లు ఎటు పారుతున్నాయో చూస్తూ కూర్చున్నాను. ఆ క్షణంలో కూడా నాకు సమాధానం కావాలి, నీళ్లు తూర్పుకు పోతున్నాయా, పడమరకు తిరిగి వస్తున్నాయా? గుంతల్లో సుడులు తిరుగుతున్నాయి, ఎటూ పోవడం లేదు.

"మేడమ్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు అతను కాసేపటికి. "ఆడున్నది పోచమ్మ అని నేను అన్నది సుత మా అమ్మీ చెప్పిందే. నేను చూసిన్నా ఏంది?"

ఆ మాటతో నా భయం రెట్టింపయింది. సందుల్లోంచి తిప్పి, ఎవరి వాకిట్లోంచో దాటించి, నాలుగు కొట్టేసరికి వెంకటరత్నం గారి గేటు ముందు ఆపాడు.

హాల్లో అక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో పసుపు రాసిన కవరు. ఇంకా ఇవ్వలేదు. వెంకటరత్నం గారి భార్య పూజ గదిలో దీపం వెలిగిస్తోంది, అది కాగానే ఇవ్వటానికి. నేను తడిసి, పాదాలకు బురదతో గుమ్మంలో నిలబడ్డాను.

"రండమ్మా రండి, పూర్తిగా తడిసిపోయారు. ముందు కాఫీ తాగండి" అన్నారు వెంకటరత్నం గారు. మర్యాదస్తుడు.

"అక్కా, ఇవ్వకు. ఒక్క నిమిషం."

జరిగింది చెప్పాను. మైసమ్మ గుడి, పాత గద్దె, లచ్చమ్మ మాట, ఖాదర్ భాయ్ మాట. చెబుతుంటే నాకే ఎంత పలచగా ఉందో తెలిసింది.

వెంకటరత్నం గారు నొచ్చుకున్నట్టు నవ్వారు. "ఏంటమ్మా ఇది? అమ్మవారు నడిచి వెళ్లిందని ఆకుకూరలావిడ చెబితే నమ్మేస్తారా? నేను ఆవిడకి అన్యాయం చేస్తానా? పక్క ప్లాటు మా అమ్మాయి పేరు మీదే పెట్టాను. మునిగితే మేమూ మునుగుతాం."

"కాలేజీలో పాఠాలు చెప్పేవారు మైసమ్మ మాట పట్టుకోవడం ఏమిటండీ" అంది ఆయన భార్య, దీపం దగ్గర నుంచే.

అక్క వాళ్లెవరి వైపూ చూడలేదు. నన్నే చూసింది. "ఇందాక ఖాయమన్నావు."

"ఇందాక ఖాయమనుకున్నాను."

"ఇప్పుడు ఖాయంగా చెప్పు. అది చెరువా, కాదా?"

"తెలియదక్కా."

"తెలియకపోతే ఇంత దూరం వచ్చి ఎందుకు ఆపావే?"

నేను గోడ గడియారం వైపు చూశాను. వెంకటరత్నం గారు ఓపికగా, ఆ ప్లాటు కోసం ఇంకో ఇద్దరు అడుగుతున్నారనీ, తను బావగారి మీద గౌరవంతో ఆపి ఉంచాననీ చెప్పారు. అది నిజమని నాకు అనిపించింది. అక్క కవరు మీద చెయ్యి తీయలేదు, ముందుకూ చాపలేదు. నేను అవునంటే ఇచ్చేది. కాదంటే లేచేది. నేను రెండూ అనలేదు. గడియారం ముల్లు నాలుగుంబావు దాటింది.

"వర్జ్యం వచ్చేసింది" అంది అక్క. కవరు సంచిలో పెట్టుకుంది. "ఇవాళ వద్దులెండి. వచ్చే బుధవారం చూద్దాం."

బుధవారానికి ఆ ప్లాటు లేదు. బ్యాంకులో పనిచేసే భార్యాభర్తలు తీసుకున్నారు. వెంకటరత్నం గారు నాలుగు రోజులు ఆగారు, అంతకన్నా ఆగమనడం న్యాయం కాదు.

ఇది జరిగి మూడేళ్లయింది. ఆ చుట్టుపక్కల నేల ధరలు అక్క అందుకోలేనంత పైకి వెళ్లాయి. ఆమె ఇంకా యూసుఫ్‌గూడలో అద్దెకే ఉంది, ఈ మధ్యలో రెండు ఇళ్లు మారింది. నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్లే ఆమె ఇంటికి వెళ్లినప్పుడల్లా అటక మీది అట్టపెట్టెల వైపు చూస్తాను. ఇంకా విప్పని పెట్టెలు అవి. సొంత ఇంట్లో విప్పుదామనుకున్నవి.

ఈ మూడేళ్లలో నేను ఆ కుంటకు చాలాసార్లు వెళ్లాను. ఇప్పుడు మడులు లేవు. లచ్చమ్మ కుటుంబం ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. గుడి ఉంది, చుట్టూ ఇళ్లొచ్చాయి, నీళ్లు ఒక మురుగు చారగా మిగిలాయి. ఇది చెరువని కొత్తగా వచ్చినవాళ్లకు చెబితే మొహమాటానికి తలూపుతారు. ఒక చెరువు పుట్టడానికి నవాబు, కూలీలు, రైతులు, అందరి అవసరమూ కలిసిరావాలి. పోవడానికి ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, ఎవరి ఇంటి పని వాళ్లు చూసుకుంటే చాలు. వెంకటరత్నం గారు, ఖాదర్ భాయ్, మా అక్క, ఎవరూ చెరువును చంపాలనుకోలేదు. అందరికీ కొంచెం జాగా కావాలి, అంతే.

మీలో ఎవరైనా ఇలాంటి పాత కుంట చూడటానికో, దాని పక్కన నేల కొనటానికో వెళ్తే ఒక్క సలహా. వాన ఆగిన మర్నాడు పొద్దున్నే వెళ్లండి, పాత చెప్పులు వేసుకోండి. అమ్మవారి గుడి కనిపిస్తే, ఇది ఎక్కడుంది అని కాక, ఇంతకుముందు ఎక్కడుండేది అని అడగండి. కట్టకు రెండు వైపులా ఉన్నవాళ్లనూ అడిగాకే ఎవరికైనా ఫోను చేయండి.

బ్యాంకువాళ్లు ఆ ప్లాటులో లేత ఆకుపచ్చ రంగు ఇల్లు కట్టుకున్నారు. మొదటి రెండు వర్షాకాలాలు ఏమీ కాలేదు. అప్పుడు అక్కకు నేను ఇల్లు లేకుండా చేశాననుకున్నాను. మొన్న వానాకాలంలో ఒక రాత్రంతా కురిసింది, పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. నీళ్లు ఆ ఇంటి రెండో మెట్టు దాకా వచ్చి ఆగాయి. ఆ ఇంటావిడ చీపురుతో నీళ్లు నెడుతోంది. గొడుగు పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి, "ఎవరు కావాలండీ?" అంది. ఎవరూ వద్దండీ అని వచ్చేశాను. మళ్లీ మబ్బు పట్టినప్పుడల్లా నాకు అటు వెళ్లాలనిపిస్తుంది. ఆవిడ మంచిది, ఆ ఇంట్లోకి నీళ్లు రాకూడదు. కానీ రాకపోతే మా అక్కను ఆపింది నా పిరికితనమే అవుతుంది. వస్తే నా అనుమానం నిజమవుతుంది. నేను ఏది చూడాలని వెళ్తున్నానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.